చిట్టా, ఆవర్జా, కంప్యూటరు

ముప్పది యైదేండ్ల వయస్సు, ఇద్దరు బిడ్డలు, పగలెల్ల లెక్కలు వ్రాయు కొలువు. అట్టి గుమాస్తా రాత్రి భోజనము ముగించి పాఠ్యపుస్తకము తెరచి కూర్చున్నచో ఇరుగుపొరుగువారు “ఈ వయసులో ఇతనికి చదువేమి?” అని నవ్వుదురు. నవ్వనివారు “ప్రమోషను కొరకు కాబోలు” అని సరిపెట్టుకొందురు. అతడు చదువునది వ్యాపార సమాచార వ్యవస్థలను గూర్చిన శాస్త్రమైనచో ఆశ్చర్యము రెట్టింపగును. కంప్యూటరు చదువు ఇరువది యేండ్ల పిల్లలదను అభిప్రాయము మనలో అంత గాఢముగా పాతుకొని యున్నది. ఈ అభిప్రాయము సరికాదనియు, ఈ శాస్త్రము స్వభావముచేతనే పనిచేయు పెద్దల చదువనియు నా నమ్మకము. తెలుగు పాఠములు చెప్పుకొనువానికి ఇందులో జోక్యమేల యని చదువరులు అడుగవచ్చును. కారణము ముందు తెలియగలదు.

ఒక సంస్థలో ఏ సంగతిని వ్రాసి యుంచవలెను, దానిని ఎవరు వ్రాయవలెను, వ్రాసినదానిని మరల ఎవరు, ఎప్పుడు, ఏ రూపమున అడుగుదురు అనునవే ఈ శాస్త్రమునకు మూలప్రశ్నలు. యంత్రము వానికి తరువాతిది. యంత్రమునకు ఆజ్ఞలిచ్చు భాష ఆరునెలలలో అలవడవచ్చును గాని, ఈ ప్రశ్నలకు జవాబులు తెలియుటకు ఒక కార్యాలయములో కొన్నేండ్లు మసలవలెను.

ఇందుకు సాక్ష్యము ఈ శాస్త్రపు పుట్టుకలోనే కలదు. లండను నగరములో జె. లయన్స్ అను సంస్థ టీ దుకాణములను, రొట్టెల కర్మాగారమును నడపుచుండెను. గుమాస్తాల లెక్కపని తగ్గించు ఉపాయమును వెదకుచు ఆ సంస్థ అధికారులిద్దరు 1947లో అమెరికాకు వెళ్లిరి. అచట ఎలక్ట్రానిక్ గణన యంత్రములను గూర్చి విచారింపగా, అట్టి యంత్రమొకటి తమ దేశములోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములోనే తయారగుచున్నదని తెలిసినది. పెరటిచెట్టు వైద్యమునకు పనికిరాదను మన సామెత ఆంగ్లేయులకును చెల్లినట్లున్నది! లయన్సువారు ఆ విశ్వవిద్యాలయమునకు 3,000 పౌన్ల సాయము చేసి, ఆ నమూనాను అనుసరించి తామే ఒక యంత్రమును కట్టుకొనిరి. దాని పేరు లియో. 1951 నవంబరులో అది రొట్టెల విభాగపు లెక్కలు చేయుట కారంభించెను. వ్యాపారపు నిత్యకృత్యమునకు కంప్యూటరును వాడుటలో అదియే మొదటిదని చరిత్రకారులు చెప్పుదురు.

ఆ యంత్రమునకు పని నేర్పినవారిలో పెక్కురు ఆ సంస్థలోనే పనిచేయుచుండినవారు. సంస్థ తన ఉద్యోగులకే కొద్ది దినముల శిక్షణ యిచ్చి, అందులో నెగ్గినవారిని ఎన్నుకొనెను. 1952లో అట్లు నెగ్గిన మేరీ కూంబ్స్ అదివరకు ఐస్‌క్రీము అమ్మకపు శాఖలో గుమాస్తా. ఆమె చదివినది ఫ్రెంచి భాష. వ్యాపార కంప్యూటరునకు ప్రోగ్రాములు వ్రాసిన తొలి మహిళగా ఆమెను నేడు చెప్పుకొనుచున్నారు. భాషాసాహిత్యములు చదివినవారు లెక్కలకు పనికిరారను మాట విన్నప్పుడెల్ల నాకీమె గుర్తుకు వచ్చును. నా జోక్యమునకు సగము కారణమిదియే.

నాడు లండనులో జరిగినది నేడు మన పల్లెలలో జరుగుచున్నది. ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘములు 63,000 వరకు కంప్యూటరీకరించు పథకమును కేంద్ర ప్రభుత్వము 2022 జూన్ నెలలో ఆమోదించినది. అందుకు నిర్ణయించిన వ్యయము 2,516 కోట్ల రూపాయలు. ఇట్టి మార్పు వచ్చిన చోటనెల్ల సంఘపు గుమాస్తా యెదుట ఒక తెర వెలిసినది. ఆ తెరపై గడులు నింపువాడుగా మిగిలిపోవుటయా, ఆ గడులు ఎట్లుండవలెనో చెప్పగలవాడగుటయా అనునది అతని బ్రతుకునకు సంబంధించిన ప్రశ్న.

చెప్పగలవాడగుటకు వలసిన జ్ఞానములో చాలభాగము అతని యొద్దనే కలదు. అతని పని చూడుడు. నగదు వచ్చినను, పోయినను మొదట చిట్టాలో తేదీవారీగా వ్రాయును. పిదప ఒక్కొక్క పద్దును ఆవర్జాలో ఆయా రైతు ఖాతాకు ఎక్కించును. చిట్టాలోని పద్దు ప్రక్కన ఆవర్జా పుట సంఖ్యను, ఆవర్జాలో చిట్టా పుట సంఖ్యను వేయును. రైతు తండ్రి పేరు, ఊరు, భూమి విస్తీర్ణము ప్రతి పద్దులోను వ్రాయడు. అవి సభ్యుల రిజిస్టరులో ఒక్కచోటనే యుండును. 1970లో ఐ.బి.ఎం. సంస్థలో పనిచేయు ఇ. ఎఫ్. కాడ్ అను శాస్త్రజ్ఞుడు సమాచారమునంతయు పట్టికలుగా అమర్చి, పట్టికకును పట్టికకును ఒక గుర్తుతో సంబంధము కలుపు పద్ధతిని ప్రతిపాదించెను. ఒక సంగతి ఒక్కచోటనే వ్రాయవలెను, తక్కినచోట్ల దాని గుర్తు చాలును. అట్లు గానిచో ఒకచోట దిద్దినది వేరొకచోట దిద్దకయే మిగిలిపోవును. కళాశాల విద్యార్థి దీనిని ‘నార్మలైజేషన్’ అను పేర కంఠస్థము చేయును. గుమాస్తాకు అది కంఠస్థము చేయవలసిన సంగతి కాదు. పుట సంఖ్య తప్పు పడిన ఒక్క పద్దు కొరకు, పది రూపాయల తేడా కొరకు, తెల్లవారువరకు పుస్తకములు తిరుగవేసినవాడతడు.

ఇచట ఒక మాట. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు — ఇవి పారశీకము నుండియు అరబ్బీ నుండియు పూర్వపు కచేరీల ద్వారా మనకు వచ్చిన మాటలు. నేడు వానిని పరభాషా పదములని తలచువారెవరు? డేటాబేసు, ప్రోగ్రాము మొదలగునవియు అట్లే కలిసిపోవును. నాకు బెంగ మాటలను గూర్చి కాదు, వాక్యములను గూర్చి. ఈ శాస్త్రగ్రంథములలో అధికభాగము ఆంగ్లమునందే యున్నవి. ఆవర్జాను కరతలామలకముగా నెరిగినవాడు, అదే విషయమును చెప్పు నాలుగు పంక్తుల ఆంగ్ల వాక్యము నెదుట బిక్కమొగము వేయుచున్నాడు. ఇది లెక్కలలో వెనుకబాటు కాదు. తెలుగు అధ్యాపకులమైన మనము తీర్చదగిన కొరత ఇది. నా జోక్యమునకు తక్కిన సగము కారణము ఇందులో నున్నది.

అనుభవమే అడ్డుగోడ యగుటయు కలదు. “మా ఆఫీసులో ఇట్లే చేయుదుము” అను మాట వయోజన విద్యార్థి నోట తరచుగా వినబడును. ఒక లెక్కను మూడు ప్రతులుగా వ్రాయుచున్నారేని, మూడవ ప్రతిని చదువు అధికారి పదవియే రద్దయినదేమో యని అతడు తలపడు. లయన్సు సంస్థలో డేవిడ్ కామినర్ మొదలగువారు టీ దుకాణముల సరఫరాను లియోకు అప్పగించునపుడు పాత పద్ధతిని ఉన్నదున్నట్లుగా యంత్రమున కెక్కింపలేదు. ప్రతి దుకాణమునకును ఏ సరకు ఎంత వలెనో ఒక స్థిరమైన పట్టీ ముందే సిద్ధము చేసిరి. దుకాణము నడపు స్త్రీ ప్రతిదినము మార్పులు మాత్రము టెలిఫోనులో చెప్పెడిది. కేంద్ర కార్యాలయములో వినుచునే కార్డులపై రంధ్రములు చేసెడివారు. ఏది వ్రాయవలెనో తెలియుట అనుభవము. ఏది వ్రాయనక్కరలేదో తెలియుటకు తన కార్యాలయమును తానే పరాయివాని కన్నులతో చూడవలెను. చదువు అతనికి ఈయవలసినది ఆ చూపు.

ఆ చూపు లేనిచోట ఏమగునో ఉపాధ్యాయులకు వేరుగా చెప్పనక్కరలేదు. మనకు ఇంటిపేరు ముందు, వ్యక్తినామము వెనుక. పెక్కు దరఖాస్తులలో మాత్రము మొదటి పేరు, చివరి పేరు అను రెండు గడులుండును. ఏది ఎందులో వ్రాయవలెనో తేలక ఒక్కొక్కరు ఒక్కొక్క తీరుగా నింపుదురు. రైతు పేరు ఆధార్ కార్డులో ఇంటిపేరుతో సహా పూర్తిగా నుండును, పాసుపుస్తకములో పొడి అక్షరముతో నుండును, సంఘపు పుస్తకములో ఊరివారు పిలుచు ‘వెంకన్న’ యై యుండును. గుమాస్తాకు ముగ్గురును ఒక్కడే. యంత్రమునకు ముగ్గురును వేరు వేరు మనుష్యులు. పొలము అదునులో నుండగా అప్పు నిలిచిపోవును. పాఠశాల ప్రవేశపు రిజిస్టరునకును పదవ తరగతి పత్రమునకును పేరు పొసగక తల్లిదండ్రులు తిరుగుట మన మెరిగినదే. ఆ గడులు నిర్ణయించునపుడు ఒక్క గుమాస్తానో, ఒక్క బడిపంతులునో అడిగియుండినచో ఇంత బాధ లేకపోవును.

పెద్దల చదువునకు తలుపు తెరచుటలో మనము వెనుకబడలేదు. దేశములో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో హైదరాబాదులోనే వెలసినది. నేడది డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ పేర నడచుచున్నది. దాని తొలి ఉపాధ్యక్షులైన జి. రామిరెడ్డిగారే 1985లో వెలసిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమునకును తొలి ఉపాధ్యక్షులైరి. తలుపు తెరచుకొన్నది గాని లోపలి ఏర్పాట్లు ఇంకను పిల్లలకు తగినట్లే యున్నవి. ఆ జాతీయ విశ్వవిద్యాలయపు పరీక్షలు జూన్, డిసెంబరు నెలలలో జరుగును. జూన్ అనగా ఏరువాక, సంఘము గడపలో ఎరువుల కొరకు, అప్పుల కొరకు రైతులు బారులు తీరు నెల. గుమాస్తాకు సెలవిచ్చువారెవరు?

ప్రశ్నపత్రములలో నిర్వచనములదే పెద్దపీట. చివర వ్రాయవలసిన ప్రాజెక్టు నివేదికలు నగరములలో సిద్ధముగా అమ్ముడుపోవుచున్న సంగతి బహిరంగ రహస్యము. ఊరి సంఘములో పదేండ్లు పనిచేసినవాడు ఏ మహానగరపు ఆసుపత్రి లెక్కలనో వర్ణించు నివేదికను కొని తెచ్చి సమర్పించుటకంటె వింత యుండునా? అతనిని తన బల్లపైనున్న ఒక్క రిజిస్టరును తీసికొమ్మనవలెను. అందులో ఏ గడి ఎప్పుడు, ఎందుకు వచ్చినది, ఎవరు నింపుదురు, నింపినదానిని ఎవరు చదువుదురు, ఎవరును చదువని గడులెన్ని అని విచారించి వ్రాయమనవలెను, తెలుగులోనైనను సరే. అట్టి నివేదికను కొనుటకు ఏ దుకాణమునందును దొరకదు. అయితే దానిని శ్రద్ధగా చదివి దిద్దుటకు పరీక్షకునికి ఒక పూట పట్టును. ఒక పూటకు తగిన పారితోషికము ఇచ్చు విశ్వవిద్యాలయమును నేనింకను చూడలేదు.