కరెంటు పోతే ఆక్సిజన్ మిషన్‌ ఎంతసేపు? పవర్ స్టేషన్ కొనేముందు..

సెంటినరీ కాలనీలో కరెంటు పోతే ఫ్యాన్ ఆగడం ఒక్కటే కష్టం కాదు. ఊపిరితిత్తుల జబ్బుతో ఆక్సిజన్ మిషన్ మీదున్న రిటైర్డ్ గని కార్మికుడికి ప్రతి నిమిషమూ లెక్కే. 5 లీటర్ల మిషన్ సుమారు 350 వాట్లు లాగుతుంది.

పాత జాకరీ ఎక్స్‌ప్లోరర్ 1000లో 1002 వాట్ అవర్లు, ఎకోఫ్లో డెల్టా 2లో 1024. ఇన్వర్టర్ నష్టం ఓ 15 శాతం తీసేస్తే, ఏది కొన్నా మిషన్ నడిచేది దాదాపు రెండున్నర గంటలే. మరి తేడా ఎక్కడ? బ్యాటరీలో. జాకరీది ఎన్‌ఎంసీ రకం, 500 ఛార్జింగ్‌లకే సామర్థ్యం 80 శాతానికి దిగుతుంది. డెల్టా 2ది ఎల్‌ఎఫ్‌పీ, 3000 దాకా వస్తుంది, వేడినీ తట్టుకుంటుంది. రామగుండం ఎండలు తెలిసినవే కదా! జాకరీ కూడా కొత్త మోడల్‌లో దానికే మారింది.

డబ్బా మీద ఎంఏహెచ్ అంకె చూసి మురిసిపోవద్దు, వాట్ అవర్లు అడగాలి. సర్వీస్ ఎక్కడ దొరుకుతుందో కూడా. ఇక, నిండు ఆక్సిజన్ సిలిండర్ ఒకటి ఇంట్లో ఉండాల్సిందే.