ఆఫర్‌లో టీచర్.. గుంటూరులో డాక్టర్!

క్యాంపస్‌లో ఆఫర్ రాగానే మనం అడిగే మొదటి ప్రశ్న ‘ప్యాకేజీ ఎంత?’ రెండోది ‘లొకేషన్ ఎక్కడ?’ ఈ రెండింటికీ నచ్చే జవాబు లేకపోయినా ఓడెక్కిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్. గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి చాలామందికి తెలుసు. ఆ పేరు ఎవరిదో మాత్రం కొద్దిమందికే తెలుసు.

1856లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టారావిడ. 1879లో వైద్య పట్టా, ఆ తర్వాత నారిస్‌టౌన్ మానసిక వైద్యశాలలో ఉద్యోగం. ఆడవాళ్లు డాక్టర్లు కావడమే అరుదైన రోజులవి. అంత మంచి కెరియర్ వదిలి, 1883లో లూథరన్ మిషన్ తరఫున గుంటూరు వచ్చారు.

అసలు తిరకాసు ఇక్కడుంది. ఆమె డాక్టర్‌గా వెళ్తానన్నారు. వైద్య సేవకు ఇంకా సిద్ధంగా లేమని మిషన్ బోర్డు చెప్పింది. ఇళ్లలో ఉండే ఆడవాళ్లకు చదువు చెప్పే పని ఇచ్చింది. ఆమె ఒప్పుకొన్నారు, కానీ మందులు కూడా వెంట తెచ్చుకున్నారు. పాఠాలు చెబుతూనే రోగుల్ని చూశారు. మగ డాక్టర్ల దగ్గరికి వెళ్లలేని ఆడవాళ్లు వెతుక్కుంటూ వచ్చారు. రెండేళ్లకు బోర్డే ఆమెను వైద్య మిషనరీగా నియమించింది. 1893లో డిస్పెన్సరీ, 1897లో ఆసుపత్రి వచ్చాయి.

మత ప్రచారం కూడా ఆమె పనిలో భాగమే, ఆమె దాన్ని దాచలేదు. అయినా వైద్యం అన్ని కులాలు, మతాల వాళ్లకీ అందింది. ఏలూరుకు చెందిన ఒక హిందూ జమీందారు రోగుల బంధువుల కోసం ఆసుపత్రి దగ్గర సత్రం కట్టించారు.

మరి ఖర్చు? 47 ఏళ్లు సొంతూరికి, సొంతవాళ్లకు దూరం. చివరి రోజుల్లో అనారోగ్యం. 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. మిగిలింది? ఆసుపత్రి, అందులో శిక్షణ పొందిన మనవాళ్లు. తాను లేకపోయినా ఆగకుండా నడిచే పని అది.

ఇప్పుడు ప్రయాణం అటు నుంచి ఇటే కాదు. చర్చి సంస్థల ద్వారా విదేశాల్లో సేవకు వెళ్లాలనుకునే తెలుగు యువతా ఉంది. మీరూ ఆ ఆలోచనలో ఉంటే ముందు ఇవి తేల్చుకోండి:

- జీతమా, భత్యమా? ఆరోగ్య బీమా, తిరుగు ప్రయాణం ఎవరి ఖర్చు? కాగితం మీద రాయించుకోండి.
- వీసా ఏ రకం? టూరిస్టు వీసాతో సేవ అంటే చిక్కే. అమెరికాలో మత సంబంధ ఉద్యోగాలకు విడిగా ఆర్-1 వీసా ఉంది. దాని మీద గరిష్ఠంగా 5 ఏళ్లే ఉండొచ్చు.
- ఇంట్లో అమ్మానాన్నలకు ఒంట్లో బాగోకపోతే చూసేదెవరు? చదువుకు తీసుకున్న లోన్ కట్టేదెవరు?
- చేతిలో పనికొచ్చే విద్య ఉందా? కుగ్లర్‌ని నిలబెట్టింది భక్తి ఒక్కటే కాదు, వైద్యం కూడా.

వీటికి జవాబులు దొరక్కపోతే ఆగడం తప్పేం కాదు. కుగ్లర్ కూడా చదువు పూర్తిచేసి, ఉద్యోగం చేశాకే ఓడెక్కారు.