బెదిరింపులకు తలవంచిన వేదిక

2012 జనవరి 24. జైపూర్ సాహిత్యోత్సవానికి చివరి రోజు. రచయిత సల్మాన్ రష్దీ విదేశం నుంచి వీడియో ద్వారా చేయనున్న ప్రసంగం కోసం డిగ్గీ ప్యాలెస్ ఆవరణలో శ్రోతలు పెద్దసంఖ్యలో వేచి ఉన్నారు. అంతలో ప్యాలెస్ యజమాని వేదికపైకి వచ్చి, పోలీసుల సలహా మేరకు ఈ కార్యక్రమాన్ని తమ ఆవరణలో అనుమతించడం లేదని ప్రకటించారు. రష్దీ స్వయంగా రావడం నాలుగు రోజుల కిందటే రద్దయింది. చివరికి తెరపై కనిపించడానికి కూడా వీలు లేకపోయింది.

రష్దీ జైపూర్‌కు కొత్తవారు కారు. 2007లో ఇదే ఉత్సవానికి వచ్చి, పాఠకులతో ముచ్చటించి వెళ్ళారు. అప్పుడు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఐదేళ్ళలో మారిందేమిటన్న ప్రశ్నకు సమాధానం సాహిత్యంలో కాక రాజకీయాలలో కనిపిస్తుంది.

ఎన్నికల వేళ వివాదం

ఉత్సవానికి సుమారు పది రోజుల ముందు, ఉత్తరప్రదేశ్‌లోని దేవ్‌బంద్ దారుల్ ఉలూమ్ అధిపతి మౌలానా అబుల్ ఖాసిం నోమానీ రష్దీకి వీసా నిరాకరించాలని కేంద్రాన్ని కోరారు. భారతదేశానికి రావడానికి తనకు వీసాయే అక్కరలేదని బొంబాయిలో పుట్టిన రష్దీ బదులిచ్చారు. సరిగ్గా ఆ సమయంలోనే ఉత్తరప్రదేశ్ శాసనసభ ఎన్నికలు ముంచుకొచ్చాయి. ముస్లిం ఓటర్లకు ఆగ్రహం కలిగించడానికి ఏ పార్టీ సిద్ధంగా లేదు. కేంద్రంలోనూ, రాజస్థాన్‌లోనూ కాంగ్రెస్ ప్రభుత్వాలే ఉన్నాయి. అశోక్ గెహ్లాట్ ప్రభుత్వం శాంతిభద్రతల పట్ల ఆందోళన వ్యక్తం చేసిందే తప్ప, రచయితకు పూర్తి రక్షణ కల్పిస్తామని గట్టిగా చెప్పలేదు.

ఉత్సవం ప్రారంభమైన జనవరి 20న రష్దీ ఒక ప్రకటన విడుదల చేశారు. తనను హతమార్చడానికి ముంబాయి నుంచి కిరాయి హంతకులు బయలుదేరి ఉండవచ్చని ఇంటెలిజెన్స్ వర్గాలు హెచ్చరించినందున రావడం లేదని అందులో తెలిపారు. అటువంటి సమాచారమేదీ తాము పంపలేదని మహారాష్ట్ర పోలీసు ఉన్నతాధికారులు చెప్పడంతో వ్యవహారం మలుపు తిరిగింది. తనను రానీయకుండా చేయడానికే కట్టుకథ అల్లారని రష్దీ ఆరోపించగా, రాజస్థాన్ ప్రభుత్వం ఆ ఆరోపణను ఖండించింది.

రష్దీకి సంఘీభావంగా హరి కుంజ్రు, అమితావ కుమార్, జీత్ థాయిల్, రుచిర్ జోషి అనే నలుగురు రచయితలు 'శటానిక్ వర్సెస్' నుంచి కొన్ని భాగాలు చదివి వినిపించారు. నిర్వాహకులు వారి చర్యతో తమకు సంబంధం లేదన్నారు. రచయితలపై ఫిర్యాదులు దాఖలయ్యాయి. అరెస్టు చేయవచ్చన్న భయంతో వారు జైపూర్ విడిచి వెళ్ళవలసి వచ్చింది.

ఎన్నికల ఫలితాలు చూస్తే, ఈ వెనుకంజ వల్ల కాంగ్రెస్‌కు ఒరిగిందేమీ లేదు. ఉత్తరప్రదేశ్‌లోని 403 స్థానాలలో ఆ పార్టీకి దక్కినవి 28 మాత్రమే. ఫలితాలు వెలువడిన కొద్ది రోజులకే, అదే సంవత్సరం మార్చిలో రష్దీ ఢిల్లీ వచ్చి ఒక సదస్సులో ప్రసంగించారు. జైపూర్‌లో అసాధ్యమన్నది రెండు నెలలు తిరగకుండానే దేశ రాజధానిలో సాధ్యమయింది.

చట్టం ఏమంటోంది?

రాజ్యాంగంలోని 19వ అధికరణం భావప్రకటన స్వేచ్ఛకు హామీ ఇస్తూనే, శాంతిభద్రతల వంటి కారణాలతో సహేతుకమైన పరిమితులు విధించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. అయితే హింసకు దిగుతామని ఎవరో బెదిరిస్తే, దానినే కారణంగా చూపి ప్రసంగాన్ని ఆపవచ్చునా? ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు 1989లోనే సమాధానం చెప్పింది. రిజర్వేషన్ విధానాన్ని విమర్శించిన 'ఒరే ఒరు గ్రామత్తిలే' అనే తమిళ చిత్రాన్ని ప్రదర్శిస్తే గొడవలు జరుగుతాయని తమిళనాడు ప్రభుత్వం వాదించింది. న్యాయస్థానం ఆ వాదనను తోసిపుచ్చింది. ప్రదర్శనలు, ఊరేగింపులు, హింస జరుగుతాయన్న బెదిరింపులకు లొంగి భావప్రకటనను అణచరాదని, స్వేచ్ఛను కాపాడే బాధ్యత ప్రభుత్వానిదేనని రంగరాజన్ కేసుగా పేరొందిన ఆ తీర్పులో స్పష్టం చేసింది.

తీర్పు ఒకటి, ఆచరణ మరొకటి. 2007 ఆగస్టు 9న హైదరాబాద్ ప్రెస్ క్లబ్‌లో ఇది రుజువయింది. తన పుస్తకం తెలుగు అనువాదాన్ని ఆవిష్కరించడానికి వచ్చిన బంగ్లాదేశ్ రచయిత్రి తస్లీమా నస్రీన్‌పై మజ్లిస్ శాసనసభ్యులు, కార్యకర్తలు దాడి చేశారు. నిర్వాహకులు, విలేఖరులు అడ్డు నిలిచి ఆమెను కాపాడారు. దాడి చేసినవారిపై కేసు పెట్టిన పోలీసులే, వర్గాల మధ్య వైషమ్యాలు రెచ్చగొట్టారన్న ఫిర్యాదుపై ఆమె మీదా కేసు నమోదు చేశారు. నవంబరులో కలకత్తాలో అల్లర్లు చెలరేగడంతో ఆమెను అక్కడినుంచి తరలించారు. 2008 మార్చిలో ఆమె దేశమే విడిచి వెళ్ళారు.

ఈ జాడ్యం ఒక మతానికో, ఒక పార్టీకో పరిమితం కాదు. 2019 జనవరిలో యవత్మాల్‌లో జరిగిన అఖిల భారత మరాఠీ సాహిత్య సమ్మేళనాన్ని ప్రారంభించవలసిందిగా నయనతార సెహగల్‌ను నిర్వాహకులు ఆహ్వానించారు. ఆంగ్ల రచయిత్రి ప్రారంభిస్తే సభను అడ్డుకుంటామని మహారాష్ట్ర నవనిర్మాణ సేన స్థానిక నాయకులు హెచ్చరించగానే ఆహ్వానాన్ని ఉపసంహరించుకున్నారు. తమకు అభ్యంతరం లేదని ఆ పార్టీ అధినేత రాజ్ థాకరే తరువాత ప్రకటించినా, అప్పటికే జరగవలసిన నష్టం జరిగిపోయింది.

నిరసన హక్కు ఎంతవరకు?

వక్తను వ్యతిరేకించేవారికి కూడా హక్కులున్నాయి. సభకు వెలుపల నినాదాలు చేయవచ్చు. కరపత్రాలు పంచవచ్చు. సభను బహిష్కరించవచ్చు. వక్త మాటలకు సభలోనే బదులు చెప్పవచ్చు. తమ విశ్వాసాలకు గాయమైందని భావిస్తే న్యాయస్థానానికి వెళ్ళవచ్చు. ఇవన్నీ భావప్రకటన స్వేచ్ఛలో భాగాలే. నోరెత్తితే రక్తం కళ్ళజూస్తామని బెదిరించడం మాత్రం నిరసన కాదు, నేరం.

నిర్వాహకుల ఇబ్బందిని కొట్టిపారేయలేము. పిల్లలు, వృద్ధులు తిరిగే ఆవరణలో హింస జరిగితే జవాబు చెప్పుకోవలసింది వారే. ప్రమాదం ఊహాజనితమూ కాదు. 2022 ఆగస్టు 12న న్యూయార్క్ రాష్ట్రంలోని షటాక్వా సంస్థ వేదికపై ఒక యువకుడు రష్దీని కత్తితో పొడిచాడు. రష్దీ ఒక కంటి చూపు కోల్పోయారు. న్యాయస్థానం 2025లో నిందితుడికి 25 సంవత్సరాల జైలుశిక్ష విధించింది. ముప్పు నిజమైనదైతే భద్రత పెంచాలి, బెదిరించినవారిని పట్టుకోవాలి. వక్తనే రావద్దనడం ప్రభుత్వానికి అన్నిటికంటే సులభమైన మార్గం. మరుసటిసారి బెదిరించేవారికి ధైర్యమిచ్చేదీ అదే.

ఇన్ని వివాదాలకు మూలమైన 'శటానిక్ వర్సెస్' దిగుమతిని కేంద్రం 1988 అక్టోబరులో నిషేధించింది. ఆ ఉత్తర్వును సవాలు చేసిన కేసు 2024 నవంబరులో ఢిల్లీ హైకోర్టులో ముగింపుకు వచ్చింది. ఉత్తర్వు ప్రతిని చూపండని కోరితే ఏ ప్రభుత్వ శాఖా తెచ్చి ఇవ్వలేకపోయింది. అటువంటి ఉత్తర్వు లేనట్లుగానే భావించవలసి ఉంటుందని న్యాయస్థానం పేర్కొంది. మరుసటి నెలలో ఆ పుస్తకం ఢిల్లీలోని ఒక దుకాణంలో అమ్మకానికి వచ్చింది. 36 ఏళ్ళపాటు దేశాన్ని భయపెట్టిన కాగితం దస్త్రాలలో దొరకలేదు. వేదికలపై దాని భయం మాత్రం ఇంకా తొలగలేదు.