చార్టర్డు అకౌంటెంటు కాగోరువారికి

ఇంటర్మీడియటు పరీక్షల ఫలితములు వెలువడిన వారము పదిదినములలో మా కార్యాలయమునకు వచ్చు తల్లిదండ్రుల సంఖ్య హెచ్చును. ప్రశ్న దాదాపు అందరిదియు నొక్కటే. "మా అబ్బాయి లెక్కలలో గట్టివాడండీ. సి.ఏ.లో చేర్పింపవచ్చునా?" అమ్మాయిల విషయమున ప్రశ్న కొంచెము మారును. "నీడపట్టున కూర్చుండి చేయు పనియే కదండీ?" ఈ రెండు ప్రశ్నలకును మేము వెంటనే అవునని చెప్పలేకున్నాము. లెక్కలలో గట్టితనమునకును ఈ వృత్తికిని గల చుట్టరికము లోకము తలచునంత దగ్గరిది కాదు. ఇందు నిత్యము కావలసిన గణితము కూడిక, తీసివేత, శాతములు, వడ్డీ. వానిని యంత్రము మనకంటె బాగుగా చేయును. ఇక నీడపట్టున కూర్చుండు సంగతి ఎట్టిదో ముందు చెప్పెదము.

లెక్క వ్రాయుట వేరు, వ్రాసిన లెక్కను పరీక్షించుట వేరు. మన గ్రామములలో కరణములు భూమి లెక్కలు వ్రాసిరి. 1984 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ పదవులను రద్దుచేయువరకు చిట్టా, అడంగలు వారి చేతిలోనే యుండెను. అంగళ్లలో గుమాస్తాలు చిట్టా ఆవర్జాలు వ్రాసిరి. పరీక్షించు పనియు క్రొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రము ఆషాఢమాసమున లెక్కల నన్నిటిని తెచ్చి అప్పగింపవలెనని విధించి, ప్రభుత్వధనమును అపహరించుటకు నలుబది మార్గములున్నవని లెక్కించి చెప్పినది. అయితే ఆనాటి పరీక్షకుడు రాజుగారి ఉద్యోగి. నేటి ఆడిటరుకు జీతమిచ్చు యజమాని లేడు. అతనికి రుసుము చెల్లించునది ఏ కంపెనీ లెక్కలను పరీక్షించునో ఆ కంపెనీయే; అతని మాటను నమ్ముకొనువారు మాత్రము వాటాదార్లు, అప్పిచ్చిన బ్యాంకు, పన్ను వసూలుచేయు ప్రభుత్వము. కూలి యిచ్చువాడొకడు, నమ్మువారు వేరొకరు. ఈ వృత్తిలోని కష్టమంతయు ఇచ్చటనే యున్నది.

'చార్టర్డు' అను మాట స్కాట్లండునుండి వచ్చినది. 1854లో ఎడింబరోలోని లెక్కల పరీక్షకుల సంఘమునకు రాణి సనదు, అనగా చార్టరు, లభించినది. మన దేశమున 1913 నాటి కంపెనీల చట్టము ఆడిటరులకు అర్హతలను నిర్ణయించినది. 1918లో బొంబాయి ప్రభుత్వము జి.డి.ఏ. అను డిప్లొమాను నెలకొల్పినది. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1949లో చార్టర్డు అకౌంటెంట్ల చట్టము చేయబడి, ఆ సంవత్సరము జులై 1వ తేదీన భారత చార్టర్డు అకౌంటెంట్ల సంస్థ ఏర్పడెను. నాడు సభ్యులు సుమారు 1,700 మంది. నేడు నాలుగు లక్షలకు మించిరి. ఇది స్త్రీలకు తగిన పనియా యని సందేహించువారికి మేము మద్రాసు నగరమునకు చెందిన ఆర్. శివభోగముగారి పేరు చెప్పుచుందుము. స్వాతంత్ర్యోద్యమమున చెరసాలకు వెళ్లివచ్చిన ఆమె 1933లో జి.డి.ఏ. పరీక్షయందు నెగ్గి, మన దేశమున తొలి మహిళా అకౌంటెంటు అనిపించుకొనిరి.

ఇక మార్గమునుగూర్చి. ఇందు మూడు మెట్లు కలవు: ఫౌండేషను, ఇంటర్మీడియటు, ఫైనలు. ఈ ఇంటర్మీడియటు మన కళాశాలలలోని ఇంటర్మీడియటు కాదని గుర్తింపవలెను. పేరు ఒక్కటే యగుటచే ఇండ్లలో చాల గందరగోళము కలుగుచున్నది. పండ్రెండవ తరగతి గట్టెక్కినవారు ఫౌండేషనులో నాలుగు పత్రములు వ్రాయుదురు. అవి లెక్కలు, వ్యాపారన్యాయము, గణిత సామర్థ్యము, అర్థశాస్త్రము. చివరి రెండింటిలో తప్పు జవాబునకు పావు మార్కు చొప్పున కోతయుండును, కావున ఊహపై గీతలు గీయరాదు. ఇంటర్మీడియటులో ఆరు పత్రములు, ఫైనలులో ఆరు పత్రములు. రెంట మూడేసి పత్రముల గ్రూపులు రెండేసి. ప్రతి పత్రమున నూటికి నలుబది, గ్రూపు మొత్తముపై నూటికి ఏబది మార్కులు రావలెను. ఒక పత్రమున ముప్పదితొమ్మిది వచ్చి, తక్కినవానిలో డెబ్బదులు వచ్చినను ఆ గ్రూపు పోయినట్లే. బి.కాం. వంటి వాణిజ్యపట్టము 55 శాతముతో, ఇతర పట్టములు 60 శాతముతో పొందినవారు ఫౌండేషను వ్రాయకయే ఇంటర్మీడియటులో చేరవచ్చును.

ఇంటర్మీడియటు రెండు గ్రూపులును ముగిసిన తరువాత, వృత్తిలోనున్న చార్టర్డు అకౌంటెంటు వద్ద శిక్షణ పొందవలెను. దీనిని ఆర్టికల్‌షిప్ అందురు. వెనుక ఇది మూడు సంవత్సరములు. 2023 జులై నుండి అమలునకు వచ్చిన క్రొత్త విధానమున రెండు సంవత్సరములకు తగ్గింపబడినది. శిక్షణ ముగిసిన ఆరుమాసములకు ఫైనలు వ్రాయవచ్చును. అడ్డంకి లేక సాగినచో పండ్రెండవ తరగతి పిమ్మట నాలుగేండ్లలోపుగా ముగియవలసిన చదువిది. అడ్డంకి లేక సాగినవారు మాత్రము కొలదిమందియే.

తల్లిదండ్రులు పరీక్షల సంగతులే విచారింతురుగాని, ఆర్టికల్‌షిప్‌ను గూర్చి అడుగువారు అరుదు. విద్యార్థి చార్టర్డు అకౌంటెంటుగా మారునది అచ్చటనే యని మా యభిప్రాయము. మా శిక్షణదినములలో జరిగిన యొక సంగతిని చెప్పెదము.

మార్చి నెలాఖరున గోదావరి ప్రాంతమున నొక రైసుమిల్లులో సరకు నిల్వ సరిచూచుటకై మమ్ము పంపిరి. గోదాములో బియ్యపు బస్తాల లాటు ఎత్తుగా పేర్చియుండెను. పొడవున 20 బస్తాలు, వెడల్పున 10, ఎత్తున 12. హెచ్చవేసి 2,400 అని వ్రాసికొంటిమి. మిల్లు పుస్తకములోను 2,400 అనియే యున్నది. సాయంకాలము సంతోషముగా కాగితమును మా సీనియరుగారి ముందుంచితిమి. వారు దానిని చూడక మా పాదములవంక చూచి, "ఏమోయ్, పైకెక్కి చూచితివా?" అనిరి. మా చెప్పులకు దుమ్ము లేదు! మరునాడు నిచ్చెన వేయించుకొని ఎక్కితిమి. లాటు నడుమ నుయ్యివలె గొయ్యి. నిడివి 8 బస్తాలు, వెడల్పు 4, లోతు 10. అనగా 320 బస్తాలు లేవు. క్రిందినుండి చూచినవానికి నాలుగు ప్రక్కలును నిండుగానే కనబడును. ఆ బస్తాలను హామీగా చూపి మిల్లు యజమాని బ్యాంకువద్ద అప్పు తెచ్చియుండెను. విషయము బయటపడినప్పుడు ఆయన కోపగించుకొనలేదు. మాకు కాఫీ తెప్పించెను. సీనియరుగారు కాఫీ త్రాగలేదు. నివేదికలో 2,080 అని వ్రాసి సంతకము చేసిరి. మరుసటి యేడు ఆ మిల్లు ఆడిటు మా కార్యాలయమునకు రాలేదు. ఆ రుసుము పోయినందుకు మా సీనియరుగారు ఒక్కమాటయు అనలేదు గాని, ఆ సంవత్సరము కార్యాలయమునకు క్రొత్త ఫానులు కొనలేదు.

నీడపట్టు పని యని తలచువారికి ఇదియే మా సమాధానము.

ఆ నిచ్చెన ఎక్కకపోయినచో ఏమగునో మన హైదరాబాదు నగరమే చూచినది. 2009 జనవరి 7వ తేదీన సత్యం కంప్యూటర్ సర్వీసెస్ అధ్యక్షుడు తన డైరెక్టర్లకు వ్రాసిన లేఖలో, పుస్తకములలో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్లు అసలు లేనివని ఒప్పుకొనెను. ఏటేట ఆ లెక్కలపై ఆడిటర్ల చేవ్రాలు పడుచునే యుండెను. బ్యాంకు నిల్వను సరిచూచుటకు పద్ధతి పసివానికైనను తెలియునంత సులభమైనది: ఆడిటరు తానే బ్యాంకునకు జాబు వ్రాయవలెను, బ్యాంకు జవాబు కంపెనీ చేతులలోబడక నేరుగా ఆడిటరునకే చేరవలెను. 2015 ఏప్రిలులో హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానము ఆ కేసులో పదిమందిని దోషులుగా నిర్ణయించెను. వారిలో ఇద్దరు ఆడిటర్లు. వారు పైకోర్టులో అప్పీలు చేసికొనిరి. ఆ షేర్లలో తమ పొదుపు నుంచుకొన్న కుటుంబములు మన ప్రాంతమున ఎన్నియో కలవు. అవి ఆ లెక్కల పుస్తకములను చదివి షేర్లు కొనలేదు. క్రింద సంతకమున్నదని నమ్మి కొన్నవి.

ఆ పిమ్మట కట్టుబాట్లు పెరిగినవి. 2013 నాటి కంపెనీల చట్టము ప్రకారము పెద్ద కంపెనీలలో ఒకే ఆడిటు సంస్థ ఎడతెగక పదియేండ్లకు మించి యుండరాదు. 2018లో ఆడిటర్లపై పర్యవేక్షణకు జాతీయ సంస్థ యొకటి నెలకొల్పబడినది. 2019నుండి చార్టర్డు అకౌంటెంటు ఇచ్చు ప్రతి ధ్రువపత్రముపైనను పదునెనిమిది అంకెల విశిష్ట సంఖ్య యుండవలెను; దొంగసంతకములను పట్టుకొనుటకు ఇది చాల నుపకరించుచున్నది. అంకెలు ఎన్ని వేసినను, సంతకముచేయు చేయి ఒక్కనిదే.

ఇక మన తెలుగు విద్యార్థులకు ప్రత్యేకముగా కలుగు చిక్కును చెప్పవలెను. ఈ పరీక్షలను ఇంగ్లీషున గాని హిందీలో గాని వ్రాయవలెను. తెలుగున వ్రాయు వీలు లేదు. తెలుగు మాధ్యమమున చదివిన పిల్లలు లెక్కల పత్రములలో మంచి మార్కులు తెచ్చుకొని, న్యాయము, ఆడిటింగు పత్రములలో దెబ్బతినుట మేము పలుమారు చూచినాము. విషయము తెలియక కాదు. తెలిసినదానిని నాలుగు వాక్యములలో నిలబెట్టలేక. ఇట్టివారికి మేము చెప్పునది, చేరిన మొదటి దినమునుండి పాఠమును చదివి పుస్తకము మూసి, తన మాటలలో ఇంగ్లీషున అరపుట వ్రాసికొనుచుండుమని. ఈ సలహాను విన్నవారు కొలదిమందియే యైనను, వారెవ్వరును తరువాత మమ్ము నిందింపలేదు.

ధనముగూర్చి రెండు మాటలు. సంస్థకు కట్టవలసిన రుసుములు ఇంజనీరింగు కళాశాలల రుసుములతో పోల్చిన స్వల్పములు. శిక్షణకాలమున కొలది భృతియు లభించును. అది నగరమున గది అద్దెకు చాలదు. అసలు ఖర్చు ప్రైవేటు పాఠములకు, వసతికి అగును. అంతకంటె పెద్దఖర్చు కాలము. ఇటీవలి సంవత్సరములలో ఫైనలు రెండు గ్రూపులను ఒకేమారు వ్రాసినవారిలో నూటికి ఇరువదిమందికి మించి గట్టెక్కుట అరుదు. అనగా తెలివైన పిల్లలును తప్పుదురు. ఇంటిలో ఈ సంగతి ముందే తెలిసియుండవలెను. తప్పిన ప్రతిమారు చుట్టపక్కాలు "ఇంకను కాలేదా?" యని అడుగుచుండ, ఇరువదియారేండ్ల యువకుడు పెండ్లిండ్లకు వెళ్లుట మానివేసిన ఇండ్లు మాకు తెలియును. అందుచేత చేరునాడే తల్లిదండ్రులును బిడ్డయు కూర్చుండి, ఎన్ని ప్రయత్నములవరకు సాగుదుము, ఆపై ఏమి చేయుదుము అని నిర్ణయించుకొనుట మేలు. దీనితోబాటు బి.కాం. చదువుటను మానరాదు. ఇంటర్మీడియటు ముగించి శిక్షణ పొందినవానికి ఫైనలు కాకున్నను, కంపెనీల లెక్కల శాఖలలోను, పన్నుల పనిలోను మంచి స్థానమే లభించును. కాస్టు అకౌంటెంటు, కంపెనీ సెక్రటరీ అను సోదర వృత్తులును కలవు. మొదటిదానికి 1959లోను, రెండవదానికి 1980లోను పార్లమెంటు వేరువేరు చట్టములను చేసినది. సి.ఏ.లో తప్పి వానిలో రాణించినవారు మా మిత్రులలోనే పలువురున్నారు.

యంత్రములు వచ్చి ఈ పనిని తినివేయునా యని ఇప్పుడు చాలమంది అడుగుచున్నారు. పద్దులు వ్రాయు పనిని అవి ఇప్పటికే చాలవరకు తీసికొన్నవి. వ్రాతగుమాస్తాగా బ్రతుకదలచినవాడు భయపడవలసినదే. పదివేల పద్దులలో వింతగానున్న ముప్పదింటిని ఏరియిచ్చు యంత్రములును వచ్చినవి, అవి మాకును ఉపకరించుచున్నవి. ఆ ముప్పదింటిని చేతబట్టుకొని యజమాని యెదుట కూర్చుండి, ఆయన తెప్పించిన కాఫీని వద్దని, "ఇది యేమిటండీ?" యని అడుగవలసినవాడు మాత్రము మనుష్యుడే.

కావున చేరదలచిన పిల్లలలో మేము వెదకునవి వేరు. చెప్పినదానిని వెంటనే నమ్మక, గౌరవము తప్పక మరల అడుగగలడా? విసుగు లేక ఒకే కాగితములను మూడుమారులు తిరుగవేయగలడా? తనకంటె పెద్దవాడు, ధనవంతుడు, దయగలవాడు ఒక మాట అన్నప్పుడు, కాదనగలడా? మూడవది యన్నిటికంటె కష్టము. పదునేడేండ్ల వయసున ఇది తెలియదని కొందరందురు. ఇంటిలో తల్లికి తెలిసియే యుండును.

శిక్షణకు కార్యాలయమును ఎన్నుకొనునప్పుడు బోర్డుపైని పేరును చూచి మురియరాదు. మహానగరములోని పెద్ద సంస్థలో పెద్ద కంపెనీల పని చూడవచ్చును గాని, రెండేండ్లును ఒక్క మూలపనియే చేతికి రావచ్చును. గుంటూరులోనో, రాజమండ్రిలోనో నలుగురు శిక్షణార్థులున్న చిన్న కార్యాలయములో పన్నులు, ఆడిటు, బ్యాంకు అప్పు కాగితములు అన్నియు చేయి తగులును. ఇచ్చటను సీనియరు నేర్పువాడైననే ప్రయోజనము. దీనిని తెలిసికొనుటకు ఉపాయమొకటి కలదు. ఒప్పందమునకు ముందు, ఆ కార్యాలయములో రెండవ సంవత్సరమునందున్న శిక్షణార్థి నొకని బయట పలుకరించి, గడచిన నెలలో ఏమేమి చేసితివని అడుగుడు. ఏ గోదాములోనో సరకు లెక్కపెట్టితినని, ఏ లెక్కలోనో తేడా దొరికినదని ఉత్సాహముగా చెప్పినచో సంకోచింపక చేరవచ్చును. బ్యాంకునకు చలానులు మోసితినని, సీనియరుగారి పిల్లలను బడినుండి తెచ్చితినని చెప్పినచో నమస్కారము చేసి వేరొక కార్యాలయమును వెదకికొనుడు.