మొలతాడు చెప్పని కొలత

పొట్ట పెరిగిందో లేదో మొలతాడు చూసి చెప్పలేం నాయనా. బొజ్జ ముందుకొచ్చే కొద్దీ అది కిందికి జారుకుంటుంది గానీ బిగుసుకోదు. మన సోమందేపల్లెలో ఏ టైలరునడిగినా టేపు ఇస్తాడు. ఆఖరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ చుట్టుకో. పొట్ట లోపలికి లాగకుండా, ఊపిరి మామూలుగా వదిలేసి చూడు. మన దేశపు మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్త పడాలి.

"నేను సన్నంగానే ఉన్నా కదా తాతా" అంటావు. పుణె డాక్టరు యాజ్ఞిక్ కూడా సన్నమే. ఆయనా, లండన్ డాక్టరు యడ్కినూ కలిసి దిగిన ఫోటో 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఎత్తుకు తగ్గ బరువు లెక్క, అదే బీఎంఐ, ఇద్దరికీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! యడ్కిన్ మారథాన్లు పరుగెత్తే మనిషి. కానీ తేడా అంతా పరుగులోనే లేదు. మన దేశంలో పసిబిడ్డలు చిన్నగా పుట్టినా, కండ తగ్గినంతగా కొవ్వు తగ్గదని యాజ్ఞిక్ బృందమే పుణె పల్లెల్లో చూసింది. తల్లి కడుపులో ఉన్నప్పటి తిండికీ దీనికీ ముడి ఉంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్పనుకునే ఊరు మనది. ఇక్కడి తల్లులు ఎన్ని కరువులు దాటి బిడ్డల్ని కన్నారో తలుచుకుంటే ఆ మాట నాకు మన ఇంటి సంగతిలాగే వినిపిస్తుంది.

పూర్వం ధాన్యం దాచే పాతర ఉండేది చూడు, చర్మం కింది కొవ్వు అలాంటిది. అక్కడున్నంతవరకు పెద్ద ప్రమాదం లేదు. మనవాళ్లకు ఆ పాతర చిన్నది, త్వరగా నిండిపోతుంది. మిగిలింది పేగుల చుట్టూ, కాలేయంలో చేరుతుంది. పేగుల దగ్గరి రక్తం నేరుగా కాలేయానికే పోతుంది కాబట్టి అక్కడి కొవ్వూ దాని మీదే పడుతుంది. అప్పుడు కాలేయం ఇన్సులిన్ మాట వినదు, షుగరు మొదలవుతుంది.

రాగి సంగటి తింటే పొట్ట కరుగుతుందని ఇప్పుడు అందరూ అంటున్నారు. సంగటంటే నాకు ప్రాణమే, అయినా నిజం చెప్పాలి. రాగులకూ బియ్యానికీ కేలరీల్లో పెద్ద తేడా లేదు. తేడా పీచులో ఉంది. 100 గ్రాముల రాగుల్లో 11 గ్రాముల దాకా, బియ్యంలో 3 గ్రాములకు లోపే. అందుకే ఒక్క ముద్దకే కడుపు నిండుతుంది. పక్కన ఉలవచారో ఆకుకూర పప్పో ఉండాలి. మూడు ముద్దలు లాగిస్తే మాత్రం రాగులేం చేస్తాయి పాపం? చెనక్కాయలూ అంతే. గింజ బరువులో సగం దాకా నూనే. బజ్జీలకు బదులు గుప్పెడు ఉడకబెట్టినవి తిను, బజ్జీలతో పాటు కాదు. రోజూ నాలుగు టీలు తాగుతావు, ముందు వాటిలో చక్కెర తగ్గించు.

పొట్ట వంచే కసరత్తులతో పొట్ట కొవ్వే కరగదు. కండ గట్టిపడుతుంది, మంచిదే, కానీ ఒళ్లు కొవ్వును అన్ని చోట్ల నుంచీ తీస్తుంది. మన అదృష్టం ఏమిటంటే, బరువు కొంచెం తగ్గినా లోపలి కొవ్వు ముందుగా కదులుతుంది. వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడువు. హైవే పక్కన వద్దు, లారీలు. చేల బాట పట్టు. రాత్రి తిన్నాక పావుగంట నడిస్తే, తిన్న చక్కెరను కండలే లాక్కుంటాయి. బరువులెత్తడం, గుంజీళ్లు వారానికి రెండు రోజులు. నైట్ షిఫ్టు దిగాక ఫోను పక్కన పెట్టి నిద్రపో, నిద్ర చాలకపోతే ఆకలి పెరుగుతుంది.

చెమట పట్టించే బెల్టులు కొనకు, పోయేది నీళ్లే. కరిగిన కొవ్వు ఎటు పోతుందో ఆస్ట్రేలియాలో ఇద్దరు శాస్త్రజ్ఞులు 2014లో లెక్క కట్టారు. పది కిలోల్లో 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడై ఊపిరిలో పోతుంది, మిగతాది నీరు.

టేపు తిరిగిచ్చే ముందు మీ అమ్మ నడుమూ కొలువు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన పొట్ట ఊబకాయం ఉన్నవాళ్లు మగవాళ్లలో 12 శాతమైతే ఆడవాళ్లలో 40 శాతం. మిగిలిన అన్నం పారేయలేక తినేదీ, సాయంత్రం నడవడానికి తీరిక లేనిదీ ఆమెకే. రేపటి నుంచి ఆమెను కూడా పిలుచుకుపో. ఆ పూట గిన్నెలు నువ్వో మీ నాయనో కడగండి.