పాత కారు ఉంచుకుందామా, ఇచ్చేద్దామా?

ఇంట్లో పాత వస్తువు తీసెయ్యాలంటే మనకు చెయ్యి రాదు. ఇత్తడి గంగాళం వాడకపోయినా అటక మీద ఉండాల్సిందే. కానీ గంగాళానికి ఫీజులు కట్టక్కర్లేదు, ఇన్సూరెన్సు అక్కర్లేదు, పెట్రోలు పోయక్కర్లేదు. కారు అలా కాదు కదండీ! నడిపినా తింటుంది, నిలబెట్టినా తింటుంది.

మీ ఇంటి ముందు కూడా పాతిక ముప్ఫయ్యేళ్ళ మారుతీయో, ఫియట్టో, అంబాసిడరో టార్పాలిన్ పట్టా కప్పుకుని ఉందా? అయితే ఈ నాలుగు మాటలు మీకోసమే. "అమ్మేద్దాం" అని పిల్లలు, "నేనుండగా అమ్మనివ్వను" అని పెద్దవాళ్ళు, మధ్యన నలిగేది మనం. ఇది మగవాళ్ళ వ్యవహారం, మనకెందుకులే అనుకోకండి. ఇంటి ఖర్చుల పుస్తకం మన చేతిలో ఉన్నప్పుడు కారు సంగతీ మనదే.

మాది తెనాలి పక్కన అంగలకుదురు. మా మామగారు 1996లో తెల్ల మారుతీ 800 కొన్నారు. రెండేళ్ళ మినుముల డబ్బు దానికే పోయిందని మా అత్తయ్యగారు ఇప్పటికీ అంటుంటారు. అప్పట్లో మా వీధికంతటికీ అదొక్కటే కారు. ఎవరికి నొప్పులొచ్చినా తెనాలి ఆసుపత్రికి అదే, పెళ్ళికూతుర్ని అత్తారింట్లో దింపాలన్నా అదే. 2001లో నేను కాపురానికొచ్చింది అందులోనే. మా అబ్బాయిని పొత్తిగుడ్డల్లో ఇంటికి తెచ్చుకున్నదీ అందులోనే. ఆవకాయ రోజుల్లో డిక్కీలో జాడీలు పెట్టుకుని గుంటూరులో మా ఆడపడుచు ఇంటికి వెళ్ళొస్తే, ఆ ఆవఘాటు వారం దాకా వదిలేది కాదు. ఇలాంటి బండిని అమ్మడమంటే మనసు ఒప్పుకుంటుందా చెప్పండి?

మనకే కాదు, ఈ మారుతీ మీద మమకారం దేశమంతటికీ ఉంది. మొట్టమొదటి మారుతీ 800 తాళాలను 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ గారు హర్‌పాల్ సింగ్ అనే ఆయనకు అందించారు. ఆయన దాన్ని మార్చలేదు, అమ్మలేదు. 2010లో ఆయన పోయేదాకా దానితోనే గడిపారు. ఆ తర్వాత ఆ బండి ఆలనాపాలనా లేక ఇంటి బయట తుప్పు పట్టిపోయింది. చివరికి కంపెనీవాళ్ళే బాగుచేయించి తమ కార్యాలయంలో పెట్టుకున్నారు.

లాల్‌బహదూర్ శాస్త్రి గారి ఫియట్ కథ మీలో కొందరు వినే ఉంటారు. 1964లో ప్రధానమంత్రిగా ఉండి కూడా ఆయనకు సొంత కారు లేదు. ధర 12,000. చేతిలో ఉన్నది 7,000. మిగతా 5,000 పంజాబ్ నేషనల్ బ్యాంకులో అప్పు చేశారు. 1966 జనవరిలో తాష్కెంటులో ఆయన పోయేనాటికి ఆ అప్పు తీరనే లేదు. తీర్చింది ఎవరనుకున్నారు? ఆయన భార్య లలితా శాస్త్రి గారు, తన పింఛను డబ్బుతో. ఆ కారు ఇప్పుడు ఢిల్లీలో ఆయన స్మారక భవనంలో ఉంది. ఇల్లాలు అప్పు తీర్చి నిలబెట్టిన బండి అది, అందుకే నాకు దానిమీద ప్రత్యేకంగా గౌరవం.

కానీ ఒక్కటి గమనించండి. వాటిని తుడిచేందుకు, చూసుకునేందుకు మనుషులున్నారు. మన పెంకుటి వసారా మ్యూజియం కాదు. వారానికోసారైనా సెల్ఫ్ కొట్టకపోతే బ్యాటరీ దిగిపోతుంది. వైర్లు ఎలుకలు కొరికేస్తాయి. మన డెల్టా చెమ్మకు అడుగు రేకు తుప్పు పడుతుంది. వాడకుండా ఉంచిన కారు ఉంచుకున్నట్టు కాదు, కళ్ళముందే పాడు చేసుకున్నట్టు.

ఇక లెక్కల్లోకి వద్దాం. సొంత కారు రిజిస్ట్రేషను మొదట 15 ఏళ్ళకిస్తారు. తర్వాత ఐదేళ్ళకోసారి బండి చూపించి పొడిగించుకోవాలి. మాది 2011లో, 2016లో, 2021లో అయ్యింది. మళ్ళీ 2026తో గడువు తీరుతుంది. అదివరకు 600 ఉన్న ఫీజును 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 చేశారు. 2025 ఆగస్టులో, 20 ఏళ్ళు దాటిన కార్లకు 10,000 చేశారు. గడువు దాటితే ప్రతి నెలకూ 500 అదనం. ఢిల్లీలోలాగా 15 ఏళ్ళు దాటిన పెట్రోలు బండి రోడ్డెక్కకూడదన్న నిబంధన మనకు లేదు కాబట్టి, బండి బాగుంటే ఉంచుకోవచ్చు. బాగుండటమే కష్టం! మారుతీ 800 తయారీ, అంబాసిడర్ తయారీ రెండూ 2014లోనే ఆగిపోయాయి. పైగా ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు. పాత బండ్లలో కొన్ని రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చుకోవలసి రావచ్చని 2025లో పెట్రోలియం శాఖే చెప్పింది. మాది కార్బురేటర్ బండి, చోక్ లాగితేగాని పొద్దున పూట కదలదు. దాన్ని తెలిసి విప్పే మేస్త్రీలు తెనాలిలో కూడా తగ్గిపోతున్నారు.

మీరూ ఒక పని చెయ్యండి. ఏడాదిపాటు ఖర్చుల పుస్తకంలో కారుకని ఒక పేజీ విడిచిపెట్టండి. బయటికి తీసిన ప్రతిసారీ తేదీ, ఎక్కడికి వెళ్ళారో రాయండి. రిపేర్లు, ఇన్సూరెన్సు అదే పేజీలో వెయ్యండి. నేను రాసిన ఏడాదిలో మా కారు బయటికి వెళ్ళింది 19 సార్లు. పెట్రోలు కాక అయిన ఖర్చు 23,400. అంటే గుమ్మం దాటిన ప్రతిసారీ పన్నెండు వందల పైమాటే. ఆ పేజీ మావారికి చూపించాను. ఏమీ అనలేదు. రెండుసార్లు చదివి పుస్తకం మూసేశారు. నాన్నగారి బండి మరి!

లెక్కలు ఒక ఎత్తయితే, ఆ కారెక్కే మనిషిని అడగడం ఇంకో ఎత్తు. మా ఇంట్లో అందరం అత్తయ్యగారి కోసమే ఉంచామనుకున్నాం. మామగారు 2019లో పోయాక ఆ ముందు సీట్లో ఆవిడ తప్ప ఎవరూ కూర్చోలేదు. ఓ రోజు గుంటూరు డాక్టరు దగ్గర్నుంచి వచ్చాక, కాళ్ళకు నూనె రాస్తూ మెల్లిగా అడిగాను. "ఆ సీటు మరీ కిందకుందమ్మా, దిగేటప్పుడు మోకాళ్ళు ప్రాణం తీస్తున్నాయి. వాడికి ఇష్టం కదా అని ఊరుకున్నాను" అన్నారు. ఆవిడ కోసమని కొడుకు, కొడుకు కోసమని ఆవిడ! మీ ఇంట్లోనూ ఇలా ఉండొచ్చు, ఒకసారి విడిగా అడిగి చూడండి.

ఇచ్చేద్దామని తేలితే కాగితాల దగ్గర మాత్రం మొహమాటపడకండి. కారు పోయినవారి పేరు మీద ఉంటే ముందు వారసుల పేరుకు మారాలి. 30 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలియజేసి, మూడు నెలల్లో ఫారం 31 పెట్టుకోవాలి. మావారు ఆ పని అప్పుడే చేసేశారు. అమ్మేటప్పుడు ఫారం 29, ఫారం 30 కావాలి. ఖాళీ కాగితాల మీద సంతకాలు తీసుకుని "నేను చూసుకుంటాలెండమ్మా" అనే బ్రోకరుకు ఓ నమస్కారం పెట్టి పంపెయ్యండి. చేతులు మారుతూ పోయిన ఒక కారు ప్రమాదం చేసిన కేసులో, రికార్డుల్లో ఎవరి పేరుంటే వారే యజమాని, నష్టపరిహారం బాధ్యత వారిదేనని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. డబ్బు ముట్టింది కదా అని నిద్రపోతే లాభం లేదు. ఫాస్టాగ్ ఉంటే అదీ మూయించాలి.

బండి ఎవరూ కొనలేని స్థితిలో ఉందా? వీధిలోకొచ్చే పాత ఇనుము వాళ్ళకు వెయ్యకండి. రేకు పోయినా ఆర్సీ మీ పేరునే బతికి ఉంటుంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న తుక్కు కేంద్రానికి ఇస్తే సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ అని కాగితమిస్తారు, దానితో రిజిస్ట్రేషను రద్దు చేయించుకోవచ్చు. ఆ కాగితం చూపిస్తే కొత్త కారు రోడ్డు పన్నులో 25 శాతం దాకా తగ్గించవచ్చని కేంద్రం 2021లో రాష్ట్రాలకు వీలు కల్పించింది. మనకెంత తగ్గుతుందో కొత్తది కొనే ముందే అడిగి తెలుసుకోండి.

నన్నడిగితే, ఇవ్వదలచుకున్నప్పుడు నడుస్తుండగానే, గడువు ఉండగానే ఇవ్వాలి. అప్పుడే దానికి మంచి ఇల్లు దొరుకుతుంది. మా బండిని తెనాలిలో కార్బురేటర్ బండ్లంటే ప్రాణంపెట్టే ఒక కుర్ర మేస్త్రీకి ఇచ్చాం. ఎక్కువ ఇస్తానన్న బ్రోకరు ఉన్నాడు గానీ, వాడు విడి భాగాలు చేసి అమ్ముకుంటాడని మావారు ఒప్పుకోలేదు. ఆర్సీ ఆ కుర్రాడి పేరున వచ్చేదాకా తాళాలు మా దేవుడి గూట్లోనే ఉన్నాయి. ఇచ్చే ముందు రోజు అరలన్నీ వెతికితే మామగారి కళ్ళజోడు డబ్బా, ఎప్పటివో పెట్రోలు రసీదులు దొరికాయి. కళ్ళజోడు డబ్బా అత్తయ్యగారు తీసుకున్నారు.

వచ్చిన 35,000 ఆవిడ పేరునే పోస్టాఫీసులో వేశాం. మినుముల డబ్బు కదా, ఆవిడదే. కారు మీది పట్టా మాత్రం నేను ఇవ్వలేదండోయ్, మినుములు ఎండబోసుకోవడానికి పనికొస్తుంది.