కోవిడ్ రోగులలో క్లోమ గ్రంథిపై ప్రభావం

కరోనా వైరస్ ప్రధానంగా శ్వాసకోశ వ్యాధికి కారణమైనప్పటికీ, ఆసుపత్రులలో చేరిన రోగులలో కొందరికి క్లోమ గ్రంథి సైతం ప్రభావితమైనట్లు అధ్యయనాలు వెల్లడించాయి. జీర్ణరసాలను, ఇన్సులిన్‌ను ఉత్పత్తి చేసే ఈ గ్రంథిలో వైరస్ ప్రవేశానికి తోడ్పడే ఏస్-2 గ్రాహకాలు ఉండటం ఇందుకు ఒక కారణంగా భావిస్తున్నారు.

చైనాలోని వుహాన్‌లో 52 మంది కోవిడ్ న్యుమోనియా రోగులపై జరిపిన పరిశీలన 2020లో వెలువడింది. వీరిలో 9 మందికి (17 శాతం) రక్తంలో అమైలేజ్ లేదా లైపేజ్ ఎంజైముల స్థాయి అసాధారణంగా ఉన్నట్లు తేలింది. అయితే ఎవరికీ తీవ్ర క్లోమశోథ లక్షణాలు కానరాలేదు. అదే సంవత్సరం న్యూయార్క్ ప్రాంతపు ఆసుపత్రులలో 11,883 మంది కోవిడ్ రోగులకు గాను 32 మందిలో, అనగా 0.27 శాతం మందిలో మాత్రమే ఆకస్మిక క్లోమశోథను గుర్తించారు.

మూత్రపిండాల వైఫల్యం, పేగుల వాపు వలన కూడా ఈ ఎంజైములు పెరుగుతాయి. అందుచేత రక్తపరీక్ష ఒక్కటే ఆధారం కాజాలదు. వ్యాధికి ప్రత్యేకమైన తీవ్ర కడుపునొప్పి, గరిష్ఠ పరిమితికి కనీసం 3 రెట్ల ఎంజైములు, స్కానింగ్‌లో వాపు అనే మూడింటిలో రెండు ఉన్నప్పుడే వ్యాధిని నిర్ధారిస్తారు.

వ్యాధి తీవ్రతతో పాటు, చికిత్సలో వాడే స్టెరాయిడ్లు కూడా రక్తంలో చక్కెరను పెంచుతాయి. 2021లో దేశంలో మ్యూకార్‌మైకోసిస్ సోకిన కోవిడ్ బాధితులలో అత్యధికులు మధుమేహం ఉన్నవారే. కావున చికిత్సా కాలంలోనూ, డిశ్చార్జి అనంతరమూ చక్కెర పరీక్షలు కొనసాగించుట అవసరం.